కోడలు చూడాలనుకున్న లోయ

మా అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను కలిసి ఈ వసంతంలో యూరప్ చూసి రావాలని అనుకున్నాం. అనుకున్నది వాళ్ళు. నేను మాత్రం "నేనెందుకర్రా, మీరు వెళ్ళి రండి" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అలా అనడం మర్యాద కింద లెక్క కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. "మామయ్యగారు లేకుండా ఎలా?" అంది కోడలు. దాంతో నా ప్రయాణం ఖాయమైపోయింది.

నాకొక ఇబ్బంది ఉంది. ఏడాదిగా గంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. ఒక్కోసారి గంట కూడా ఆగదు. డెబ్బై దాటిన మగవాళ్ళలో చాలామందికి ఉండేదే కదా, ఇందులో సిగ్గుపడాల్సిందేముంది అని మీరు అనవచ్చు. అనడం తేలిక. కోడలి ముందు ఆ మాట ఎత్తి చూడండి, తెలుస్తుంది.

మా ఆవిడ ఉండి ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేది కాదు. మా ఇంట్లో నా మాట కోడలికి చేరాలంటే అత్తగారి మీదుగానే చేరాలి. పప్పులో ఉప్పు తగ్గిందన్న సంగతి కూడా నేను మా ఆవిడకి చెబితే, ఆవిడ కోడలికి చెప్పేది. ఆవిడ పోయాకే నేను ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి సింగపూర్ వచ్చేశాను. ఇక్కడ నాకూ కోడలికీ మధ్య మనిషి లేదు. కొడుక్కి చెప్పొచ్చు కదా అంటారా? వాడు మంచివాడే గాని, వాడి చెవిలో వేసిన మాట మైకులో వేసినట్టే. "నాన్నకి యూరిన్ ప్రాబ్లెమ్ అట!" అని హాల్లోంచి వంటింట్లోకి కేకేస్తాడు. ఆ కేకని ఊహించుకునే నేను నోరు కుట్టేసుకున్నాను.

మా ఫ్లాటు సింగపూర్‌లో చోవా చూ కాంగ్ అనే పేటలో. సాయంత్రాలు నేను నడకకి వెళ్తాను. ఎటు వెళ్ళాలన్నది నా చేతుల్లో లేదు. రైలు స్టేషన్లో ఒక బాత్రూము, పక్కనున్న మాల్‌లో రెండు మూడు, టిఫిన్లు దొరికే కాఫీ షాపు వెనక ఒకటి. నా నడక వీటి మధ్యే తిరుగుతుంది. ఏది శుభ్రంగా ఉంటుందో, దేనికి ఏ వేళప్పుడు కడగడానికి తాళం వేస్తారో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి కూడా నాకు తెలిసినంతగా తెలియదు. ఇదీ ఈ ఊళ్ళో నేను సంపాదించిన పరిజ్ఞానం.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా అంటే, వెళ్ళాను. పెద్ద క్లినిక్కుకి పోవాలంటే ఫోన్లో ముందుగా నమోదు చేసుకోవాలి, కారణం రాయాలి, అదంతా కోడలి ఫోన్లో జరుగుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా మా బ్లాకు కిందనే ఉన్న చిన్న క్లినిక్కుకి వెళ్ళాను. కిటికీ దగ్గర కూచున్న అమ్మాయి, వెనక కుర్చీల్లో ఉన్న వాళ్ళందరికీ వినపడేటట్టు, "అంకుల్, వాట్ ప్రాబ్లెమ్?" అంది. ఆ కుర్చీల్లో మా పై అంతస్తు ఆంటీ ఉంది. "మోకాలు" అన్నాను. డాక్టరు నా మోకాలు అటూ ఇటూ వంచి చూసి, బాగానే ఉంది కదా అన్నట్టు మొహం పెట్టి, రాసుకోమని ఒక ట్యూబు ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆ ట్యూబు బల్ల మీద పెట్టగానే కోడలు "అయ్యో, మోకాళ్ళ నొప్పా మామయ్యగారూ?" అంది. అవునన్నాను. ఆ రోజు నుంచి నాకు మోకాళ్ళ నొప్పి కూడా వచ్చిపడింది.

ఇలాంటి మనిషిని యూరప్ తీసుకెళ్ళాలనుకున్నారు.

ఆదివారాలు భోజనాలయ్యాక కోడలు లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి యూరప్ మ్యాపు పెట్టేది. వన్-నార్త్ అని ఆఫీసులుండే పేటలో, ఒక ల్యాబులో పని ఆమెది. అక్కడ వారమంతా ఎంత ఒద్దికగా పని చేస్తుందో, ఆదివారం ఈ ప్రయాణం విషయంలోనూ అంతే ఒద్దిక. మే నెలాఖరున, స్కూలుకి సెలవులివ్వగానే బయలుదేరాలి. అప్పటికి హాలండులో తులిప్ పూలు అయిపోతాయిగాని, కొండల్లోకి వసంతం అప్పుడే వస్తుందట. ఒక్కొక్కరూ తలా ఒక చోటు కోరుకోవచ్చు, మిగిలినవాళ్ళు కాదనకూడదు. ఇదీ ఆమె పెట్టిన నియమం. మా వాడు జర్మనీలో కార్ల మ్యూజియం అన్నాడు. పన్నెండేళ్ళ మనవరాలు స్విట్జర్లాండులో ఒక జలపాతం అంది.

"ముందు మామయ్యగారిని అడగాల్సింది. సోషల్ మాస్టారు కదా, మనకంటే ఆయనకే తెలుసు" అంది కోడలు.

నిజమే, నేను హైస్కూల్లో సోషల్ మాస్టారుని. రైన్ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, ఆల్ప్స్ కొండలు ఏయే దేశాల్లో ఉన్నాయో గోడకి పటం వేలాడదీసి బెత్తంతో చూపిస్తూ ఉద్యోగం వెళ్ళదీశాను. ఆ పటంలో బాత్రూములు ఉండవు. అందుకని ఆ ఆదివారానికి ముందు వారమంతా యూట్యూబ్‌లో వీడియోలు చూశాను. యూరప్ వీడియోలు తీసేవాళ్ళు రెండు రకాలు. ఒకళ్ళు కొండలు, సూర్యాస్తమయాలు చూపిస్తారు. వాళ్ళ వల్ల నాకు ప్రయోజనం లేదు. రెండో రకంవాళ్ళు ఎక్కడ బాత్రూముంది, ఎన్ని చిల్లర నాణాలు వెయ్యాలి, ఏ హోటల్లో కాఫీ కొంటే ఊరికే పోనిస్తారు, ఇవన్నీ చెబుతారు. వాళ్ళని శ్రద్ధగా విన్నాను.

"కొలోన్ చర్చి చూడాలమ్మా" అన్నాను. "కొన్ని వందల ఏళ్ళు కట్టారు దాన్ని."

చరిత్ర నిజమే. నేను దాన్ని ఎంచుకున్నది మాత్రం అది పెద్ద రైల్వే స్టేషన్ని ఆనుకుని ఉన్నందుకు. అక్కడి నుంచి రైన్ నది మీద పడవ ప్రయాణం బాగుంటుందన్నాను, పడవలో బాత్రూము ఉంటుంది కనుక. "కారు ఎందుకమ్మా, రైలు కిటికీలోంచి చూస్తే ఉండే అందం కారులో ఎక్కడిది?" అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. రైల్లో పెట్టెకొకటి ఉంటుంది. అందరూ ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "నాన్నకి ఇంత టేస్టుందని నాకు తెలీదు" అన్నాడు మా వాడు. తేలు కుట్టిన దొంగలా కూచున్నాను.

ఆఖర్న కోడలు తన చోటు చెప్పింది. చెప్పే ముందు కొంచెం సిగ్గుపడింది. ఇటలీలో ఉత్తరాన, కొండల మధ్య ఒక లోయ. టీవీలో ఫొటో పెట్టింది. అక్కడికి రైలు లేదు. ఆస్ట్రియాలో కారు అద్దెకి తీసుకుని కొండదారిలో సగం రోజు వెళ్ళాలి, మళ్ళీ అంత దారీ రావాలి.

సగం రోజు అన్న మాట విన్నాక నాకింకేమీ వినపడలేదు. మలుపు మలుపుకీ కొండ, ఒక పక్క లోయ, కారులో వెనక సీట్లో మనవరాలి పక్కన నేను. "బాబూ, కాస్త ఆపరా" అనడం. ఆపడానికి చోటు లేకపోవడం.

"అందులో ఏముందమ్మా చూడ్డానికి?" అన్నాను.

అక్కడితో నేను ఆపి ఉండాల్సింది. బెత్తం చేతిలో ఉన్నట్టే చెప్పుకుపోయాను. "ఆల్ప్స్ అందమంతా స్విట్జర్లాండు వైపే. ఇటు దక్షిణం వైపు వట్టి రాతి కొండలు. కాస్త గడ్డి, నాలుగు ఆవులు, ఒక చిన్న గుడి. అంతేగా? మన అరకు లోయ చూసినవాళ్ళకి ఇదొక లెక్కా? ఫొటోలు తీసేవాళ్ళు రంగులు పూసి మోసం చేస్తారు. అంత దూరం పోయి చూడదగ్గ చోటు కాదు. నా మాట విను."

ఎవరి మాటా కాదనకూడదన్న నియమం అందరికీ గుర్తుంది. అయినా పెద్దవాడిని, అందులోనూ మాస్టారుని, ఎవరేమంటారు? కోడలు ఒక్క క్షణం టీవీ వైపు చూసింది. "మీరు చెప్పారంటే నిజమే అయి ఉంటుంది మామయ్యగారూ" అని మ్యాపు మీద ఆ లోయ దగ్గర పెట్టుకున్న పసుపు రంగు నక్షత్రాన్ని తీసేసింది. తీసేసి, మజ్జిగ ఎవరికి కావాలని అడిగింది. గండం గడిచిందని నేను కడుపు నిండా మజ్జిగ తాగాను. ఆ తాగడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు రోజుల తర్వాత మనవరాలు హోంవర్కు చేసుకుంటూ తలెత్తకుండానే అంది: "తాతా, దట్ వన్ అమ్మ డ్రీమ్ ప్లేస్, యూ నో."

"ఏదే?"

"ద వ్యాలీ లా. అమ్మ డెస్క్ దగ్గర ఆ ఫొటో ఉంది. ఐ వాజ్ సో స్మాల్, అప్పటి నుంచి దేర్ ఆల్రెడీ."

ఇక్కడి పిల్లల్లా మాట చివర 'లా' తగిలించి అందిగాని, ఆ పిల్ల మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఏదో గుర్తొచ్చి అన్నది, మళ్ళీ లెక్కల్లో పడిపోయింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. ఇంకా టికెట్లు కొనలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వారం గడిపాను. ఆ వారంలో టికెట్లు, హోటళ్ళు అన్నీ అయిపోయాయి.

మొదట్లో ఆ ప్రయాణంలో కారు నడపాలనుకున్నప్పుడు, చెయ్యి అలవాటు కావడానికని మా వాడు స్నేహితుడి కారు ఒక శనివారానికి అడిగి పెట్టుకున్నాడు. సరిహద్దు దాటి మలేషియాలో మలక్కా ఊరి దాకా వెళ్ళి రావాలని. లోయ లేదు కాబట్టి యూరప్‌లో కారూ లేదు. అయినా అడిగి పెట్టుకున్నాం కదా అని బయలుదేరాం. కోడలు పులిహోర కలిపింది. నేను ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్ళు మానేశాను.

వంతెన దాటి మలేషియాలోకి వెళ్ళగానే, "ఇక్కడ ఒక్కసారి ఆపుతారా? కాఫీ తాగాలనుంది" అంది కోడలు. హైవే పక్కన తినుబండారాల దుకాణాలు, వరసగా బాత్రూములు. నేను కూడా దిగాను. మళ్ళీ కాసేపటికి "పాపకి చిప్స్ కొందాం" అంది. పాప చిప్స్ అడగలేదు. ఆ తర్వాత "ఇక్కడ ఫొటో తీసుకుందాం" అంది. అక్కడ ఒక పెట్రోలు బంకు తప్ప ఏమీ లేదు. ఈ అమ్మాయికి ఎక్కడ పడితే అక్కడ ఆగే జబ్బేదో ఉందని మనసులో నవ్వుకున్నాను. నా అదృష్టం బాగుందనుకున్నాను.

మూడోసారో నాలుగోసారో "మళ్ళీ కాఫీ" అనేసరికి మా వాడికి తిక్క రేగింది. "ఇవాళ నీకేమైంది? ఇలా అయితే చీకటి పడ్డాక చేరతాం మలక్కా!"

"తలనొప్పిగా ఉంది, ఆపండి" అంది ఆమె, గట్టిగా.

వాడు విసురుగా బండి పక్కకి తిప్పాడు. నేను అందరికంటే ముందు దిగి, పని చూసుకుని, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాను. కొంచెం దూరంలో చెత్తడబ్బా దగ్గర కోడలు నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు, మూత కూడా తీయలేదు. దాన్ని అలాగే డబ్బాలో పడేసింది. అప్పుడు నాకు తట్టింది, ఆమె కాఫీ తాగదు. మా ఇంటికొచ్చినప్పటి నుంచీ టీ తప్ప తాగదు. కాఫీ వాసనే పడదని మా ఆవిడతో అంటుంటే ఎన్నోసార్లు విన్నాను.

ఆ బాత్రూముల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పండగ పూజలకి వెళ్తే నా కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కన వేయించేది. టీవీలో సినిమా చూస్తుంటే మధ్యలో "ఒక్క నిమిషం, ఫోనొచ్చింది" అని ఆపేది. విమానంలో నాకు నడవా పక్క సీటే కావాలని పట్టుబట్టింది, మోకాళ్ళ కోసమట. ఈ అమ్మాయి నిలకడగా కూచోలేదని నేననుకున్నాను. ఆమెకి అంతా తెలుసు. తెలిసే నా పరువు కాపాడటానికి మొగుడి చేత మాటలు పడుతోంది.

ఆ లోయని కూడా అందుకే వదులుకుందని అర్థమైంది. నా ఉపన్యాసం విని కాదు, నా అవస్థ తెలిసి. అర్థమయ్యాక మలక్కాలో ఏం చూశానో, పులిహోర ఎలా ఉందో నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర కార్లు బారులు తీరి ఆగిపోయిన చోటికి కాస్త ముందే ఆమె "నాకొక్కసారి వెళ్ళాలి" అని కారు ఆపించింది. వెనక సీట్లో కూచుని ఆమె తల వెనక భాగం చూస్తూ, ఈ మనిషికి నేను ఏ మొహం పెట్టుకుని మాట చెప్పాలి అనుకుంటూ వచ్చాను.

సోమవారం సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చే వేళకి రైలు స్టేషను దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నన్ను చూసి కంగారు పడింది. "ఏమైంది మామయ్యగారూ? పాప బాగానే ఉందా?"

"అందరూ బాగున్నారు. ఒక మాట చెప్పాలమ్మా. కాస్త టీ తాగుదాం."

కాఫీ షాపులో రద్దీగా ఉంది. ఆమె ఇక్కడి అలవాటు ప్రకారం, బల్ల మాదని గుర్తుగా ఒక ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి, ఇద్దరికీ టీలు తెచ్చింది. నేను టీ గ్లాసునే చూస్తూ మొదలుపెట్టాను. కొడుకుతో చెప్పలేని మాట, డాక్టరుతో చెప్పలేని మాట, కోడలితో చెప్పాను. "నాకు... మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందమ్మా. చాలా రోజులుగా."

"తెలుసు మామయ్యగారూ."

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి."

"అదీ తెలుసు" అంది. నవ్వలేదు. "మా నాన్నగారికీ ఉండేది. మందులున్నాయి దీనికి. ఎప్పుడో చూపిద్దామనుకున్నా. నేను అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నా. ఈ వారమే వెళ్దాం. ఆయన సెలవు పెట్టి మీతో వస్తారు. నేను రానులెండి."

నేను రానులెండి అన్న ఆ మాటలో కూడా నా మర్యాదే చూసింది.

"నా మూలంగా నీ లోయ పోయిందమ్మా. నేను అంత దూరం కారులో కూచోలేనని తెలిసే కదా నువ్వు తీసేశావు" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు వింతగా చూసింది. "అందుక్కాదు మామయ్యగారూ! దానికేముంది? ఆ దారిలో ఎక్కడెక్కడ ఆగొచ్చో నేను ముందే చూసి పెట్టుకున్నా. అరగంటకోసారి ఏదో ఒకటుంది, పెట్రోలు బంకో, కాఫీ దుకాణమో. అదేం కష్టం కాదు. అది అంత చూడదగ్గ చోటు కాదని మీరే అన్నారుగా. ఇన్నాళ్ళూ నేనే ఏదో ఊహించుకున్నాననుకున్నా. మీకు తెలుసు కదా ఆ దేశాల సంగతి."

నా రోగం ఆమెకి అడ్డం కాలేదు. దాన్ని ఆమె ఎప్పుడో సర్దేసింది. అడ్డమైంది నా మాట ఒక్కటే, నేను పెద్దరికం వెలగబెడుతూ చెప్పిన అబద్ధం. దాన్ని ఆమె మాస్టారి మాటని నమ్మినట్టు నమ్మింది.

"నాకేం తెలియదమ్మా" అన్నాను. "ఆ లోయ గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. భయం కొద్దీ నోటికొచ్చింది వాగాను. నువ్వు చూపించిన ఫొటో కూడా నేను సరిగా చూడలేదు."

ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. కాసేపు బల్ల మీద టిష్యూ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. "పోనీలెండి. ఇప్పుడు మార్చడానికి లేదు, అన్నీ బుక్ చేసేశాం" అంది.

"ఒకసారి చూపించమ్మా."

"ఎందుకు మామయ్యగారూ ఇప్పుడు?"

"చూపించు."

ఫోను తీసి, వెతికి, నా ముందు పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. పచ్చిక అంతా పసుప్పచ్చ పూలు. మధ్యలో బొమ్మరిల్లంత చర్చి. దాని వెనక అడవి, అడవి వెనక రంపం పళ్ళలాంటి కొండలు, వాటి సందుల్లో ఇంకా కరగని మంచు. ఒక మూల ఎవరో దండెం మీద బట్టలు ఆరేసుకున్నారు. అంత అందమైన చోట ఎవరో మామూలుగా కాపురం ఉంటున్నారన్నమాట. జీవితమంతా గోడ పటంలో గోధుమ రంగు మచ్చగా చూపించిన కొండలు ఇవేనా అనిపించింది. నిజంగా అనిపించింది.

"ఎంత బాగుందమ్మా!" అన్నాను.

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. నొచ్చుకోకుండా, నన్ను నొప్పించకుండా, చిన్నపిల్లవాడిని సముదాయించినట్టు నవ్వింది.

"ఊరుకోండి మామయ్యగారూ. నేను బాధపడతానని అంటున్నారు."

"కాదమ్మా, నిజంగానే బాగుంది."

"సరేలెండి" అని ఫోను సంచిలో పెట్టేసుకుంది.